బైరప్ప లాగిన్

చింతామణి నుంచి బాగేపల్లి పోయే దారిలో చింతపండు దాచే కోల్డ్ స్టోరేజీ ఒకటి ఉంది. రాత్రి పని అంటే కూలీలు అక్కడికి రామంటారు. చలిగదిలో చిక్కుకుని చచ్చిన బైరప్ప ఇంకా తలుపు కొడుతున్నాడట...

అక్కడి ఆఫీసు కంప్యూటర్‌లోనూ అతను పోలేదు. లాగిన్ తెర మీద అతని పేరు పక్కన పచ్చచుక్క — ఇంకా పనిలో ఉన్నట్టే. అక్కడ ఎవరూ లాగౌట్ చెయ్యరు. ముందువాడి లాగిన్‌ను అలాగే వెనక ఉంచి, తమది తెరుచుకుంటారు.

ఈ సంగతి నాకు చెప్పింది వాచ్‌మన్ వెంకటేశప్ప. అతని దగ్గర ఆఫీసులో రాత్రిళ్లు కంప్యూటర్ చూసే దేవరాజ్ తాగి వాగాడట. చెబుతూ వెంకటేశప్ప చాలాసార్లు తిట్టాడు, దెయ్యాన్ని మాత్రం కాదు.

బైరప్ప పోయిన రాత్రి ఆఫీసులో ఉన్నది ఈ దేవరాజే. బైరప్ప పెండ్లాం అక్కయమ్మ చేతులు పట్టుకుని ఏడ్చాడు.

"బెల్లు మోగలేదమ్మా. మోగింటే నేను పోకుండా ఉంటానా?"

ఆమె నమ్మింది. మొగుడి చోట రాత్రి పనికి చేరింది. కడుపు ఊరుకోదు కదా. చలిగది తలుపుకు లోపలివైపు విరిగిన పిడిని మాత్రం యజమాని బాగుచేయించలేదు.

పచ్చచుక్కను చూసి చూసి దేవరాజ్‌కు ఒళ్లు మండింది. ఒక అమావాస్య రాత్రి ఆ పీడ వదిలించుకుందామని బైరప్ప లాగిన్ తెరిచాడు. పాస్‌వర్డ్ కూతురి పేరే, ఆశ. అది అందరికీ తెలుసు.

తెర నిండా ఎర్ర పెట్టెలు... ఒకదాని మీద ఒకటి.

'లోపల మనిషి ఉన్నారు. తలుపు తీయండి.'

అన్నీ బైరప్ప చచ్చిన రాత్రివే. చలిగది పని అతనిదే కాబట్టి, లోపలి నుంచి నొక్కే బెల్లు అతని లాగిన్‌లోనే మోగుతుంది. ఆ రాత్రి దేవరాజ్ దాన్ని వెనక్కి నెట్టి, తన లాగిన్‌లో క్రికెట్ చూశాడు. వెనక్కి పోయిన లాగిన్‌కు నోరుండదు. బైరప్ప నొక్కుతూనే ఉన్నాడు...

దేవరాజ్‌కు చెమటలు పట్టాయి. పశ్చాత్తాపం అనుకునేరు — ఎవరైనా చూస్తారేమోనని భయం.

అప్పుడు ఇంకో పెట్టె వచ్చింది. ఈ రాత్రిది.

బెల్లు మోగింది. చలిగది వైపు నుంచి చప్పుడు... దబ్... దబ్...

"పో బైరప్పా... పో..." అని గొణుగుతూ లాగౌట్ నొక్కాడు. పెట్టెలు పోయాయి. పచ్చచుక్క ఆరింది. బెల్లు ఆగింది. చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకున్నాడు.

తెల్లారి తలుపు తీసింది వెంకటేశప్ప. మొగుడు పడిపోయిన చోట ఆకులో అన్నం, ఆరిపోయిన దీపం. అమావాస్యకని అవి పెట్టను పోయిన అక్కయమ్మ తలుపు పక్కనే బిగుసుకుపోయి ఉంది. వేలు బెల్లు మీదే ఉంది.

పోలీసులు కంప్యూటర్ చూశారు. తెర మీద ఏమీ లేదు.

దేవరాజ్ ఆశ చేతులు పట్టుకుని ఏడ్చాడు.

"బెల్లు మోగలేదమ్మా. మోగింటే నేను పోకుండా ఉంటానా?"

ఆ పిల్లా నమ్మింది. తల్లి చోట రాత్రి పనికి చేరింది. తలుపు పిడి ఇంకా వేయలేదు.