అరగని మెట్టెలు

మంగళవారం ఉదయం 6.10. నరసాపురం రేవు మెట్ల మీద ఒక జత ఆడచెప్పులు కనిపించాయి. మనిషి లేదు.

చెప్పులు హర్షితవి. బట్టల షాపు నాగేశ్వరప్రసాద్ భార్య. పెళ్లయి తొమ్మిదేళ్లు. గోదాట్లో దూకేసిందని మధ్యాహ్నానికల్లా ఊరు తీర్పు చెప్పేసింది. ఊరికేం, ఊరి నోటికి మూకుడు లేదు కదా.

ఒప్పుకోనిది ఒక్కరే, హర్షిత తల్లి జగదాంబ. జంగారెడ్డిగూడెం బస్సు దిగి నేరుగా స్టేషన్‌కు వచ్చింది.

"నా కూతురు చచ్చిపోదామనుకునే మనిషి కాదండి. చెప్పులదేముంది, ఎవరైనా పెట్టొచ్చు," అంది సి.ఐ. వీరదుర్గతో.

మూడు రోజులు పడవలు వెతికాయి. శవం దొరకలేదు.

శుక్రవారం 11.20. ప్రసాదే స్టేషన్‌కు వచ్చాడు. జేబురుమాలు విప్పి, అత్తగారి ఎదుటే రెండు వెండి మెట్టెలు టేబుల్ మీద పెట్టాడు.

"దేవుడి గూట్లో దొరికాయండి. వెళ్లేముందు తీసి పెట్టినట్టుంది. ఇంకా అనుమానం ఏంటండి?"

పువ్వు డిజైను. రేకుల సందుల్లో నలుపు. జగదాంబ చూసి, కూతురివేనని ఏడ్చింది.

వీరదుర్గకు అనుమానం పెరిగింది. ఈ భక్తుడికి దేవుడి గూడు నాలుగోరోజుకు గానీ గుర్తు రాలేదా? మెట్టెలు తిరగేసి లెన్స్ కింద పెట్టింది.

"ఎప్పటివి ఇవి?"

"పెళ్లిలో నేను తొడిగినవేనండి."

"మధ్యలో మార్చారా?"

"లేదండి. ఒక్కరోజు కూడా తియ్యలేదు."

"ఆవిడ ఇంట్లో చెప్పులేసుకుని తిరిగేవారా?"

"లేదండి. ఎందుకు?"

వీరదుర్గ అతన్ని కూర్చోబెట్టి, కానిస్టేబుళ్లను వెండి పనివాళ్ల దగ్గరికి పంపింది. సాయంత్రం 4.45కు పాలకొల్లు నుంచి కంసాలి తాతాజీ వచ్చాడు. వీరదుర్గ బూటు, సాక్సు విప్పి కాలు స్టూలు మీద పెట్టింది.

"నావి ఐదేళ్లవి ప్రసాద్ గారూ. పగలంతా బూట్లలోనే ఉంటాయి. అయినా అడుగున ఎంత అరిగాయో చూడండి. మీరు తెచ్చినవాటి అడుగున ఆకురాయి గీతలు కూడా చెరగలేదు."

"నలుపు..."

"నలుపు పాలిష్‌తో వస్తుంది. అరుగుదల నడిస్తేనే వస్తుంది. తాతాజీ గారూ, ఆ ఫొటో చూపించండి."

తాతాజీ ఫోన్ ముందుకు జరిపాడు. మెట్టెలు తొడుగుతున్న పెళ్లి ఫొటో. అచ్చం ఇలాంటివే చెయ్యమని బుధవారం ఉదయం ప్రసాద్ పంపాడు. పాతవాటిలా ఉండాలని నల్లపాలిష్ కూడా అడిగాడట. ఫొటోలో పైభాగమే కనిపిస్తోంది. అడుగు సంగతి ఆ మహానుభావుడికి తట్టలేదు.

"అసలు మెట్టెలు ఇంకా ఆవిడ కాళ్లకే ఉన్నాయి. ఆవిడ ఎక్కడ?"

ప్రసాద్ అంతా ఒప్పుకున్నాడు. మొగల్తూరులో హర్షిత పేరున కొబ్బరితోట ఉంది. అమ్మకానికి సంతకం పెట్టనందని కొట్టాడు. చచ్చిపోతే అక్కడే పాతిపెట్టాడు. 6.30కు ఆ చోటు చూపించాడు.

వీరదుర్గ తిరిగి వచ్చేసరికి జగదాంబ స్టేషన్ వరండాలోనే కూర్చుని ఉంది.

"మీరన్నదే నిజమమ్మా. ఆవిడ దూకలేదు."

"మెట్టెలు ఉన్నాయాండి కాళ్లకి?"

"ఉన్నాయి. బాగా అరిగిపోయి ఉన్నాయి."

"మొగుడుండగా తియ్యకూడదని నేనే చెప్పానండి," అంది జగదాంబ. "తీసి వాడి మొహాన కొట్టి నా దగ్గరికి వచ్చెయ్యమని చెప్పాల్సింది."