సంత రోజు పరీక్ష

"ఏ రోజూ లేనట్టు సంత రోజే పెట్టాలేటే పరీక్ష?" వరహాలరావు అప్పటికి నాలుగోసారి అడిగాడు.

"నేను పెట్టానేటి నాన్నా? యూనివర్సిటీవోళ్లు పెట్టారు."

"లోపల కూకుని రాసుకోవచ్చు కదా."

"వంటింట్లో సిగ్నలుంటే అక్కడే రాద్దును. అమ్మ పోపు వాసన కూడా పీల్చుకుందును."

తల్లి సత్యకుమారి నవ్వాపుకుంది. "పన్నెండింటి దాకా షట్టర్ ఎత్తకండి. మూడు గంటలకి కొండలేటీ కూలిపోవు."

హుకుంపేటలో వాళ్లది కిరాణా కొట్టు, వెనకే ఇల్లు. సిగ్నల్ అందేది కొట్లో కాటా పక్కన మాత్రమే. రెండేళ్లుగా కూతురు ప్రసన్న అక్కడే కూర్చుని ఆన్‌లైన్లో ఎంబీఏ చదివింది. ఇది ఆఖరి పరీక్ష. కెమెరాలో మరో మనిషి కనబడితే రద్దు చేస్తారు. ఇందులో తప్పితే డిగ్రీ లేదు. డిగ్రీ లేకపోతే పసుపు పొడి యూనిట్ కోసం ఆమె పెట్టుకున్న లోను దరఖాస్తు నిలవదు. డిగ్రీ కాగితం ఇవ్వాల్సిన గడువు ఈ నెలాఖరే.

వరహాలరావు సణుగుతూనే షట్టర్ దించి బయట అరుగు మీద కూర్చున్నాడు.

పదకొండుంబావుకి షట్టర్ పెద్ద చప్పుడుతో పైకి లేచింది. వెలుతురులో వరహాలరావు, ఆయన వెనక సంతకొచ్చిన సుక్రు నిలబడ్డారు. "బాబూ, రెండు కేజీల ఉప్పు," అన్నాడు సుక్రు. పరీక్ష రద్దయిందని తెర మీద ఎర్రటి అక్షరాలు వచ్చాయి.

ప్రసన్న ఏడవలేదు. మీటలు నొక్కుతూనే ఉంది. యూనివర్సిటీ నంబరుకి పదిహేనుసార్లు చేసింది. ఎవరూ ఎత్తలేదు.

మధ్యాహ్నం కంచాల ముందు సత్యకుమారి ఆగలేకపోయింది. "రెండు కేజీల ఉప్పు కోసం కన్న గుంట బతుకు నాశనం చేసీసారు కదండీ!"

"సుక్రు ఉప్పుకి రాలేదు," అన్నాడు వరహాలరావు తలెత్తకుండా. "దారినపోతంటే నేనే పిలిచాను."

వడ్డిస్తున్న ప్రసన్న నాయనమ్మ గరిటె గిన్నెలో పెట్టేసింది.

"బ్యాంకు కోచింగుకెళ్లను, యాపారమే సేత్తానంది నిన్న. ఇరవై ఏడేళ్లు ఆ కాటా దగ్గరే నిలబడ్డాను. ఇది పుట్టింది కూడా సంత రోజే. కొట్టు కట్టేసి సాయంత్రం ఆస్పత్రికెల్తే గానీ దీని మొకం సూడలేదు. దీనికీ అదే బతుకా? పరీక్ష పోతే బ్యాంకు ఉజ్జోగానికెల్తాదనుకున్నాను."

ప్రసన్న కంచం పక్కకి జరిపింది. "ఒద్దని నాతో అనొచ్చు కదా నాన్నా. ఇలాగ చేశావేటి?" లేచెళ్లి నోట్సు పట్టుకొచ్చింది. "సారు ఏ పాఠం చెప్పినా, మా నాన్నయితే ఇలా చేస్తాడని పక్కన రాసుకునేదాన్ని. నోట్సు నిండా నువ్వే ఉన్నావు. చూస్తావా?"

ఆయన చూడలేకపోయాడు. అన్నంలో చెయ్యి పెట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఎవరూ ఓదార్చలేదు.

చెయ్యి కడుక్కుని వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

"సోమవారం విశాఖ ఎల్తన్నాను. తప్పు నాదని యూనివర్సిటీలో రాసిచ్చొస్తాను," అన్నాడు మెల్లగా. "ఆళ్లు ఒప్పుకుంటారో లేదో నాకు తెల్దు. మళ్లీ పరీక్ష ఎప్పుడైతే అప్పుడే రాయనీ. ఈ గడువు దాటిపోతే దరఖాస్తు మళ్లీ పెట్టనీ. ఆ రోజు కొట్టు తియ్యను. ఆ పసుపు పని దాన్ని సేసుకోనీండి."