వెనక ఎడమ చక్రం

మా తమ్ముడు వాళ్లుండే ఫ్లాట్ల వెనక రేకుల షెడ్ల వరస ఒకటుంది. అందులో చివరి షెడ్డుకి పేరు చెడింది. ఎంతగా చెడిందంటే, ఆ పక్కన బట్టలతాడు కట్టుకున్న కింది ఫ్లాటావిడ దాన్ని విప్పుకొచ్చి మెట్ల కింద కట్టుకుంది. బట్టలు ఆరకపోతే పోనీ అంది. ఆ వరసలో స్కూటర్లు పెట్టుకునేవాళ్లు, వానలో నానినా సరేనని గేటు దగ్గరే వదిలేయడం మొదలుపెట్టారు.

వాచ్‌మన్ అయితే రాత్రిళ్లు అటు తిరగడం మానేశాడు. తిరిగినట్టు ఇటు నించే ఈల వేసేవాడు.

అడిగితే అతను ఒకటే చెప్పేవాడు. లోపల దీపం ఉండదు. తలుపుకి బయట తాళం వేసే ఉంటుంది. అయినా లోపల ఇద్దరు మాట్లాడుకుంటారు—

“ఒక గొంతు ‘తొక్కు’ అంటుందండీ... కాసేపాగి ‘పట్టుకో’ అంటుంది. రెండో గొంతు ‘పట్టుకున్నా’ అంటుంది. అంతే. మళ్లీ మొదలు.”

ఎవర్ని తొక్కుతున్నారో, ఎవరి పీక పట్టుకున్నారో, ఆ మిగతా కథంతా ఫ్లాట్లవాళ్లు ఎవరి ఓపిక కొద్దీ వాళ్లు అల్లుకున్నారు.

నేను దెయ్యాల్ని నమ్మే మనిషిని కాను. తమ్ముడు చెప్పింది చెప్పినట్టు చెబుతాను. నా సొంతం ఏమీ కలపను.

ఆ షెడ్డు తమ్ముడిదీ, వాడి స్నేహితుడిదీ. తమ్ముడికి కళ్లజోళ్ల షాపుంది. స్నేహితుడు పోస్టాఫీసులో గుమాస్తా. అతన్ని కన్నతల్లి తప్ప అందరూ స్పానర్ అనే పిలిచేవాళ్లు. వారమంతా కవర్ల మీద ముద్రలు కొట్టి, ఆదివారం పొద్దున్నే వెళ్లి కారు కింద దూరేవాడు. మా తమ్ముడు టీ ఫ్లాస్కు పట్టుకుని వెనకాలే వెళ్లేవాడు.

ఆ కారు వాళ్ల పెళ్లిళ్ల కంటే పాతది. ఎవరో గొడ్డలితో సహా పొదల్లో వదిలేసినదాన్ని ఇద్దరూ కలిసి తెచ్చుకున్నారు. గొడ్డలి ఎందుకుందో ఇప్పటికీ తెలీదు. నాలుగేళ్ల పాటు దాన్ని విప్పారు, కడిగారు, బిగించారు, మళ్లీ విప్పారు. రెండిళ్లకీ కలిపి ఒకే సవతి అని మా మరదలూ, స్పానర్ భార్యా నవ్వుకునేవాళ్లు. పూర్తిగా నవ్వు కాదనుకోండి.

ఇంజను నడిచింది. ఇక మిగిలింది బ్రేకులు. కొత్త గొట్టాలు వేశారు. గొట్టాలు మార్చాక లోపల గాలి చేరుతుంది. ఆ గాలి తీస్తే తప్ప బ్రేకు పడదు. అది ఒక్కడి వల్ల అయ్యే పని కాదు.

ఒకళ్లు సీట్లో కూర్చుని బ్రేకు పెడలు నాలుగైదుసార్లు తొక్కి, గట్టిగా పట్టుకోవాలి. రెండోవాళ్లు కింద పడుకుని, చక్రం దగ్గరుండే చిన్న మర తిప్పాలి. బుడగలతో సహా నూనె బయటికొస్తుంది. మర బిగించాకే పైవాళ్లు కాలు వదలాలి. ముందే వదిలారా, పోయిన గాలి మళ్లీ లోపలికి వస్తుంది. కింద నించి స్పానర్ “తొక్కు... పట్టుకో... వదులు” అనాలి. పై నించి మా తమ్ముడు “పట్టుకున్నా” అనాలి. వాళ్లిద్దరూ ఎక్కువగా మాట్లాడుకున్నది ఈ నాలుగు మాటలేనేమో.

గాలి తీయడం వచ్చే ఆదివారం అనుకున్నారు.

ఆ బుధవారం పోస్టాఫీసు కౌంటర్ దగ్గరే స్పానర్ పోయాడు. గుండె. ముద్ర చేతిలోనే ఉందిట.

తమ్ముడు ఏడవలేదు. అన్నీ దగ్గరుండి చేశాడు. తర్వాత, బ్రేకుల కోసం కొని ఇంట్లో పెట్టుకున్న నూనె డబ్బా పట్టుకెళ్లి షెడ్డులో కారు సీటు మీద పెట్టి, తాళం వేసి వచ్చాడు. డబ్బా సీలు కూడా తీయలేదు. దాన్ని ఇంట్లో చూడలేక పెట్టొచ్చానన్నాడు. మళ్లీ అటు వెళ్లలేదు.

తర్వాత వాడు ఎలా ఉన్నాడంటే... ఉన్నాడు. షాపు తెరిచేవాడు, కట్టేసేవాడు. అన్నం పెడితే తినేవాడు, పెట్టకపోతే అడిగేవాడు కాదు. జోక్ వేస్తే, నవ్వాలి కాబట్టి నవ్వేవాడు. కుడి పాదం తిమ్మిరెక్కి ఉండిపోయింది. గిల్లినా తెలిసేది కాదు. డాక్టరు అన్ని పరీక్షలూ చేసి, నరాలు బాగానే ఉన్నాయి, చెప్పులు మార్చమన్నాడు. చెప్పులు మార్చాడు.

దానికి తోడు మా మరదలి గోల ఒకటి. నిద్రలో కాలేసి తన్నుతున్నాడని ఫోన్ చేసి చెప్పేది. మంచం మధ్యలో దిండు పెట్టుకోమన్నాను.

రెండు నెలలు గడిచాయి. ఈలోగా షెడ్డుకి పేరు చెడింది. ఫ్లాట్ల కమిటీవాళ్లకి సాకు దొరికింది. షెడ్లన్నీ తీసేస్తాం, నడిచే బండ్లు నడుపుకుపొండి, నడవనివి పాత ఇనుము లారీ వచ్చి ఎత్తుకుపోతుంది అన్నారు. మా తమ్ముణ్ణి అడిగితే, “సరే, తీసుకుపొమ్మనండి” అన్నాడు. నీళ్లు తాగొచ్చినట్టు అన్నాడు. ఆ మాట స్పానర్ ఇంటికీ చేరింది.

తెల్లవారితే లారీ వస్తుందనగా, తన పనిముట్ల పెట్టె ఒక్కటి తెచ్చుకుందామని ఆ రాత్రి షెడ్డుకి బయల్దేరాడు.

గోడ వెంట నడుస్తున్నాడు. పక్కన మురుక్కాలవ. వీధి దీపం వెలుగు మూడో షెడ్డు దాకే వస్తుంది. ఆ తర్వాత చీకటే. కుడికాలు ఎక్కడ పడుతోందో తెలీక నేల కేసి చూస్తూ నడిచాడట.

తలుపు దగ్గరికొచ్చి తాళం కోసం చెయ్యి పెట్టాడు.

తాళం లేదు.

చెయ్యి అలాగే ఉండిపోయింది. రేకు చల్లగా ఉంది. లోపల... ఏదో ఇనుము మీద ఇనుము మెల్లిగా కదిలిన చప్పుడు.

తర్వాత, నేలకి జానెడు ఎత్తు నించి, గొంతు.

“తొక్కు.”

ఆడదో మగదో తెలియని గొంతు. ఇనుము కింద నలిగి బయటికొచ్చిన గొంతు.

భయం వేసిందా అని అడిగాను. భయం ఏదో దూరంగా ఉన్నట్టుంది అక్కా, నా దాకా రాలేదు అన్నాడు. కానీ కాలు మాత్రం కదిలింది. గిల్లినా తెలియని ఆ కుడి పాదం, తను చెప్పకుండానే, చెప్పులోంచి నేలని నొక్కింది.

“పట్టుకో...”

పాదం పట్టుకుంది. నేలనే పట్టుకుంది.

తలుపు సందులోంచి చూశాడు. కారు కింద సన్నగా వెలుగు. దాని వల్ల పైనున్న కారు గాల్లో తేలుతున్నట్టుంది. సీట్లో ఎవరో ఉన్నారు. ముఖం లేదు. టోపీ ఉంది. నూనె మరకల టోపీ. స్పానర్ తప్ప ఇంకెవరూ పెట్టుకోని టోపీ.

ఆ టోపీ మెల్లిగా... తలుపు వైపు తిరిగింది.

తమ్ముడు తలుపు తోశాడు. ఎందుకు తోశావురా, పారిపోక, అంటే తెలీదంటాడు.

లోపల కెవ్వుమన్నారు. ఒకళ్లు కాదు, ఇద్దరు. కారు కింద నించి టార్చి దొర్లుకుంటూ వచ్చి వాడి కాళ్ల దగ్గర ఆగింది. దాని వెనకే స్పానర్ భార్య పాక్కుంటూ వచ్చింది, మూతికి గుడ్డ కట్టుకుని.

“మీరా అన్నయ్యా” అంది గుడ్డ దించి. “దెయ్యం అనుకుని చచ్చాం.”

సీట్లో టోపీ కింద స్పానర్ తల్లి. మనిషి పొట్టి కావడంతో స్టీరింగు పైకి టోపీ ఒక్కటే కనబడింది. దుమ్ము జుట్టులో పడుతోందని పెట్టుకుందట.

విషయం ఇంతే. లారీ సంగతి తెలిశాక అత్తాకోడళ్లిద్దరూ ఈ వారం అంతా రాత్రి భోజనాలయ్యాక వచ్చి, స్పానర్ తాళంచెవితో తలుపు తీసి, బ్రేకుల్లో గాలి తీస్తున్నారు. కోడలు ఆసుపత్రి ల్యాబులో పనిచేస్తుంది. రోజంతా రక్తం తీసేదాన్ని, ఆమాత్రం నూనె తీయలేనా అనుకుందట. తీసిన కొద్దీ బుడగలు వస్తూనే ఉన్నాయట.

“నాకు చెప్పొచ్చుగా” అన్నాడు తమ్ముడు.

“మీరు సరేనన్నారట” అంది స్పానర్ భార్య. నిష్ఠూరమేమీ లేదు ఆ గొంతులో. ఆవిడా అప్పటికి ఏడవలేదు. “సరేనన్న మనిషిని ఇంకేం అడుగుతాం.”

ముసలావిడ మాత్రం ఊరుకోలేదు. “వాణ్ణి ఎత్తుకుపోయారు. దీన్ని ఎత్తుకుపోనివ్వను. ఇది నడిచే వెళ్లాలి” అంది. ఆ వెంటనే కోడలి మీద ఫిర్యాదు. వారం నించి అత్తనన్న గౌరవం లేకుండా తనని తొక్కు, పట్టుకో అని ఏకవచనంలో పిలుస్తోందట. కొడుకు పుణ్యమా అని ఇదీ విన్నాను అంది. తనకి సరిగ్గా వినబడదని, పొడుగు మాట ఏదన్నా అంటే ఏమిటీ అని కాలు వదిలేస్తుందని చెప్పలేదు. అది కోడలు చెప్పింది.

బుడగలు ఎందుకు పోవడం లేదో తమ్ముడికి అర్థమైంది. ఆవిడ మోకాలు ఆగినంతసేపే ఆగుతోంది. మర బిగించే లోపు కాలు లేచిపోతోంది.

ఆవిణ్ణి దింపి, తను ఎక్కి కూర్చున్నాడు. పాదం పెడలు మీద పెట్టాడు. ఏమీ తెలియలేదు. కంటితో చూసి పెట్టాడు.

“తొక్కు” అంది స్పానర్ భార్య కింద నించి. ఈసారి అన్నయ్యా అనలేదు.

తొక్కాడు. “పట్టుకో” అంది.

“పట్టుకున్నా.”

ముందు చక్రాలు రెండూ అయ్యాయి. తొక్కుతున్న కొద్దీ పాదంలో సూదులు గుచ్చుకోవడం మొదలైందట, వేళ్ల నించి మడమ దాకా.

అప్పుడు గుర్తొచ్చింది. అసలు వెనక ఎడమ చక్రంతో మొదలుపెట్టాలి. పెడలుకి అన్నిటికంటే దూరం అదే. ముందు దాన్ని చేయాలి, తర్వాత దగ్గరవి. వెనకవి అయ్యాయా అని అడిగాడు.

“వెనక్కి మేం పోనే లేదు. పాత టైర్లు అడ్డం, చీకటి. అవి మీరిద్దరూ ఎప్పుడో చేసేశారు కదా” అంది.

తమ్ముడు టార్చి తీసుకుని టైర్లు జరిపి వెనక్కి దూరాడు. వెనక ఎడమ చక్రం దగ్గర ఒక గాజు సీసా ఉంది. దాన్నిండా పాత నూనె, నల్లగా. మర తిప్పి చూశాడు. చుక్క జారింది. కొత్త నూనె. ఒక్క బుడగ లేదు. మర మీద ఎర్ర బెలూన్ ముక్క తొడిగి, దారంతో రెండు చుట్లు కట్టి ఉంటే, అది విప్పే తిప్పాడు. దుమ్ము దూరకుండా అలా కట్టే అలవాటు స్పానర్‌కి ఉండేది.

వెనక కుడి చక్రం చూశాడు. అదీ అంతే.

“డబ్బా సీలు మీరేగా తీసింది” అన్నాడు అక్కడి నించే.

“మేం వచ్చేసరికే సగం అయిపోయి ఉంది అన్నయ్యా. మీరే వాడారనుకున్నా.”

తమ్ముడు సీసా తీసుకొచ్చి మురుక్కాలవ దగ్గర పెట్టాడు. పారబోయలేదు.

తెల్లారి లారీ వచ్చేసరికి, కారు నాలుగు చక్రాల మీద గేటు దగ్గర నిలబడి ఉంది. పెడలు రాయిలా ఉంది. స్పానర్ భార్య పక్క సీట్లో, ముసలావిడ వెనక, టోపీ ఆవిడ ఒళ్లో. గేటు బయట తమ్ముడు ఒకసారి బ్రేకు వేసి చూశాడు. కారు కదలకుండా ఆగింది. అప్పుడు ఏడ్చాడట, స్టీరింగు మీద తల పెట్టుకుని. లారీవాడు పక్కకి జరగమని హారన్ కొడుతూనే ఉన్నాడు.

ఇది విన్నాక నేను చాలాసేపు ఆలోచించాను. అత్తాకోడళ్లు వచ్చింది ఆ చివరి వారమే. షెడ్డుకి పేరు చెడింది అంతకు చాలా ముందే. వాచ్‌మన్ విన్న రాత్రుల్లో తాళం బయటే ఉంది.

పోనీ మా వాడే నిద్రలో నడిచి వెళ్లి వచ్చేవాడేమో. అలాంటివి జరుగుతాయి, నేను చదివాను. మా మరదల్ని అడిగాను, వంటింట్లో, కూరగాయలు తరుగుతుంటే. రాత్రిళ్లు లేచి ఎక్కడికైనా వెళ్లేవాడా?

“లేచి వెళ్లినా బాగుండేది వదినా, నాకు నిద్రైనా పట్టేది” అంది. “మంచం దిగితేగా. కాలు నా మీదే.”

ఎలా తన్నేవాడని అడిగాను. దానికి కార్ల గురించి ఓనమాలు తెలీవు. కత్తి పక్కన పెట్టి, అరచేత్తో బల్ల మీద కొట్టి చూపించింది. గబగబా నాలుగుసార్లు. తర్వాత గట్టిగా నొక్కి... అలాగే పట్టుకుంది. చాలాసేపు. తర్వాత మెల్లిగా వదిలింది.

“ఇలాగే, తెల్లారే దాకా. మధ్యమధ్యలో నిద్రలోనే ‘పట్టుకున్నా’ అనేవారు. ఎవరితో అంటున్నారండీ అంటే పలికేవారు కాదు” అంది. “కారు వెళ్లిపోయిన రోజు నించి కాలు కదపలేదు.”

మళ్లీ కత్తి తీసుకుంది.