పొగ రాని కొండ

ఆడిటర్ నవ్వుతూనే లిఫ్ట్ ఎక్కాడు. కింద తలుపు తెరుచుకునేసరికి ప్రాణం లేదు.

"విషం," అన్నాడు చీఫ్. నిఘా డిపార్ట్‌మెంట్ మొత్తానికీ ఆయన బాబాయే. "కార్బన్ క్రెడిట్ అంటే తెలుసా, మిణుగురూ?"

"చెట్లు పీల్చుకునే పొగను లెక్కగట్టి, ఎక్కడో పొగ వదిలే ఫ్యాక్టరీకి అమ్ముతారు."

"సరిగ్గా చేస్తే కొట్టేయబోయే అడవి బతుకుతుంది. ఈ విదేశీ ముఠా అమ్మింది ఎవరూ ముట్టని అడవి! 'మేం ఆపకపోతే నరికేసేవాళ్లు' అని బొంకారు. పైగా లేని చెట్లు కూడా ఉన్నట్టు చూపించారు. ఆడిటర్ పట్టేశాడు. ఇప్పుడు అడవే తగలబడితే లెక్కపెట్టడానికి ఏం మిగలదు. అతని అసిస్టెంట్ పిల్లని కొండ మీద వాచ్ టవర్‌లో పెట్టి తాళం వేశారట."

"కబురు ఎవరిచ్చారు?"

"వదిన. ముఠాలో అందరూ ఆమెని అలాగే పిలుస్తారు. మన మనిషో వాళ్ల మనిషో నాకే తెలీదు."

కొనుగోలుదారు వేషంలో మిణుగురు ముఠా ఆఫీసుకు వెళ్లాడు. టీ భలే ఉంది. రెండో గుక్క తాగేలోపే, జేబులో పెన్ కెమెరా ఎర్రగా మిణుక్కుమంది.

"కొత్త బ్యాటరీ వేసుకోవాల్సింది," అని మెల్లగా నవ్వాడు ముఠా నాయకుడు. మనిషి తాటిచెట్టంత పొడుగు. తెలుగు నిఘంటువు చూసి నేర్చుకున్నాడు. ఒక్కో మాటా తూకం వేసినట్టు పలుకుతాడు. పిస్టల్ మిణుగురు కణతకు ఆనింది.

కిటికీలోంచి కొండ కనిపిస్తోంది. గాలి అటే వీస్తోంది. పక్కనే ముదురాకుపచ్చ పట్టుచీరలో వదిన, చేతిలో వైర్‌లెస్.

"చెప్పు," అన్నాడు పొడుగాయన ఆమెతో.

వైర్‌లెస్ గరగరలాడింది. "వదినా, కాగడా వెలిగించి నించున్నా. ఆకులన్నీ పెట్రోల్‌తో తడిపేశా. అంటించనా?"

మిణుగురు కాళ్లు బిగిశాయి. గుండు తగిలినా సరే, ఆమె నోరు మూయించాలి.

వదిన అతని వంక చూడను కూడా లేదు. "దీపం కొండెక్కించెయ్, తమ్ముడూ."

మిణుగురు ఉన్నచోటే ఆగిపోయాడు.

పొడుగాయన పెదవులు కదిలాయి. "దీపం... కొండ... ఎక్కించు. చక్కని తెలుగు!" బైనాక్యులర్స్ తీసి కిటికీ వైపు తిరిగాడు.

కొండ పచ్చగా ఉంది. ఇంకా పచ్చగానే ఉంది.

"ఏది పొగ?"

"కొండెక్కించేశా వదినా," అంది వైర్‌లెస్. "కాగడా మీద ఇసుక పోసి ఆర్పేశా. ఇంక దిగొచ్చెయ్యనా?"

పొడుగాయన ముఖం పాలిపోయింది. అతను ఇటు తిరిగేలోపే పిస్టల్ మిణుగురు చేతికొచ్చింది.

"దీపం ఆరింది అనడానికి నోరు రాదండీ మాకు," అంది వదిన, కొంగు సర్దుకుంటూ. "కొండెక్కింది అంటాం."

సాయంత్రానికల్లా అసిస్టెంట్ పిల్ల టవర్ దిగి, పొడుగాయన మీద వాంగ్మూలం ఇచ్చింది. మిణుగురు ఖర్చుల బిల్లు పెట్టాడు. అకౌంట్స్ వాళ్లు ఒక్క ప్రశ్న రాసి తిప్పి పంపారు:

"మీరు వెళ్లకపోయి ఉంటే అడవి తగలబడేదనడానికి రుజువేమిటి?"