ఉప్పు చాలని చీజ్ పుల్లలు

పొద్దున కాఫీ గ్లాసు ఇంకా ఖాళీ కాకముందే వంటగదిలోంచి కంపు వచ్చి కూతురు ముక్కు మూసుకుంది. తడిసిన మేజోళ్లను సంచిలో మూటగట్టి మరిచిపోతే వచ్చే కంపు అది. ఆమె బడిలో టీచరు. ఇంట్లో మాత్రం నాన్న పెట్టిన పేరు శుభ్రాలమ్మ. గ్లాసు మీద వేలిముద్ర కనిపిస్తే చాలు, మళ్లీ కడిగే రకం. ఆ సాయంత్రం తోటి టీచర్లకు ఇంట్లో విందు. సగంమంది వచ్చేదే అమ్మ మైదాలో చీజ్ తురుము కలిపి కరకరలాడేలా కాల్చే చీజ్ పుల్లల కోసం.

గట్టు దగ్గర అమ్మ చీజ్ తురుముతోంది. ముక్క జిగురుగా సాగుతోంది, వేళ్లకు అంటుకుంటోంది. ఆ వేళ్లతోనే మైదా ముద్ద కాస్త చిదిమి నోట్లో వేసుకుంది. నమిలి సింకులో ఉమ్మింది. వేలు నాకి, అదే వేలు మళ్లీ గిన్నెలో పెట్టింది. కూతురు గబగబా గట్టు దగ్గరికి వచ్చింది.

"ఛీ! ఏంటమ్మా ఆ పని? ఎంగిలి వేలు పిండిలో పెడతావా?"

"రుచి చూశానే. ఎలాగూ ఓవెన్‌లో కాల్చేదేగా."

"కాలిస్తే ఎంగిలి పోతుందా? అసలా చీజ్ పాడైపోయింది. వీధి చివరిదాకా కంపు!"

"ఏం కంపు? నీకన్నీ వంకలే."

ఆ మాటకు కూతురికి ఒళ్లు మండింది. పారేయడానికి చేతులు రాక అమ్మ దబాయిస్తోందనుకుంది. గొడవ విని నాన్న గుమ్మంలోకి వచ్చాడు. ఒక్కసారి గాలి పీల్చి మొహం పక్కకి తిప్పుకున్నాడు.

"మీ అమ్మ చేస్తే ఏదైనా బాగుంటుందిలే," అన్నాడు.

"నువ్వూరుకో నాన్నా! ఇద్దరూ ముక్కులకు సెలవిచ్చారా?"

కూతురు గిన్నె లాక్కుని ముద్దంతా చెత్తబుట్టలో బోర్లించింది.

"బజారు నుంచి ఏదో తెప్పించుకుంటాను. నీ చేతి తిండంటేనే అసహ్యమేస్తోంది."

అమ్మ చెత్తబుట్ట మీదికి వంగి, తొక్కల మధ్య నుంచి పిండి ముద్ద తీసింది. ముక్కుకు ఆనించుకుని గట్టిగా పీల్చింది. మళ్లీ పీల్చింది.

"నిజంగానే కంపు కొడుతోందా?" అని మెల్లగా అడిగింది.

కూతురు అవునన్నట్టు తల ఊపింది.

"ఆ మధ్య జ్వరం వచ్చి తగ్గింది చూడూ, అప్పట్నుంచీ నాకు వాసన తెలీడం లేదే. నోట్లో ఏం పెట్టుకున్నా మట్టే. ఇంకోసారి చూస్తే తెలుస్తుందేమోనని..."

"మాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే పొయ్యి దగ్గరికి రానిస్తారా? ఎవరొచ్చినా ముందు నా పుల్లలే అడుగుతారు. అదీ పోతే ఇంక నన్నెవరడుగుతారే? మీ నాన్ననేమో ఎప్పుడడిగినా బాగుందనే అంటారు. మాడిపోయినా బాగుందే. ఇంక నాకెలా తెలుస్తుంది?"

"నొచ్చుకుంటావని..." అన్నాడు నాన్న తల దించుకుని.

కూతురికి ఇప్పుడు తన మీద తనకే రోత పుట్టింది. ఉప్పు కషాయమైన కూరను పళ్లెం అంచుకు నెట్టి, ఫోన్ చూసుకుంటూ ఎన్నిసార్లు లేచిపోయింది! అమ్మా, ఏమైందని ఒక్కనాడూ అడగలేదు. కళ్లు తుడుచుకుని అమ్మ చేతిలోని ముద్ద తీసి పారేసింది. ఆ చేతులు తనే సబ్బుతో కడిగింది. నాన్న చెప్పులేసుకుని కొత్త చీజ్ తేవడానికి పరుగెత్తాడు.

కొత్త పిండి కలిశాక అమ్మ కాస్త చిదిమింది. అలవాటుగా నోటిదాకా తీసుకెళ్లి, సిగ్గుపడి ఆగిపోయింది. చెంచా కోసం వెతకబోయింది.

"చెంచా ఎందుకు? ఇలా పెట్టు." కూతురు నోరు తెరిచింది.

అమ్మ భయంభయంగా ఆమె నాలుక మీద పెట్టింది. కూతురు నమిలి మింగింది.

"ఉప్పు చాల్లేదమ్మా. ఒట్టి చప్పిడి."

"నిజంగానా?"

"నిజంగా. ఏం బాగాలేదు."

అమ్మ మొహం విప్పారింది. కళ్లనిండా నీళ్లతో, నవ్వుతూ ఉప్పు డబ్బా అందుకుంది.