కార్న్‌బ్రే కొండ మీద రెండో పిలుపు

చీకటి పడ్డాక కార్న్‌బ్రే రోడ్డులో బండి ఆపకూడదు. ఈ సంగతి మా జాన్సన్‌విల్ తెలుగువాళ్ళలో పాలు తాగే పిల్లలకి కూడా తెలుసు.

మాస్టర్టన్ ఊరు దాటి ఇంకా లోపలికి పోతే వస్తుందది. రెండు పక్కలా గొర్రెలు మేసే బీళ్ళు, మధ్యలో ఒక చిన్న కొండ. కొండ మీద ఒకప్పుడు చర్చి ఉండేదట. ఇప్పుడు సమాధులు మాత్రం మిగిలాయి. స్కాట్లండ్‌లో గొర్రెలు కాసుకుని, ఓడెక్కి ఈ దేశం వచ్చి, ఇక్కడా గొర్రెలే కాసుకుని పోయినవాళ్ళవి. రాళ్ళన్నీ తలో పక్కకి ఒరిగి ఉంటాయి. చుట్టూ నల్లగా పైన్ చెట్లు.

అక్కడ... ఒక తెల్లటి ఆడమనిషి ఉంది. మొహం తెలుపు. మోచేతుల దాకా చేతులు తెలుపు. దారిన పోయేవాణ్ణి పేరు పెట్టి పిలుస్తుంది.

నాకు ఈ మాట చెప్పింది దామోదర్ అంకుల్. పిలిచింది ఆయన్నే మరి.

అంకుల్‌ది మా వీధి మూల మీది డెయిరీ. డెయిరీ అంటే ఇక్కడ చిన్న కిరాణా కొట్టు. ఆయనా, సుశీలమ్మ ఆంటీ నల్లగొండ నుంచి వచ్చి పాతికేళ్ళు దాటింది. ఆంటీకి అన్నీ అలవాటయ్యాయి గానీ ఒక్కటి కాలేదు. మొగుడి పేరు నోటితో అనడం.

ఎదురుగా ఉంటే "ఇగో". పక్కవాళ్ళతో అయితే "కావ్య నాయిన". కావ్య వాళ్ళ కూతురు. బ్యాంకు నుంచి ఎవరో అమ్మాయి ఫోన్ చేసి భర్త పేరు అడిగితే డీ ఫర్ డాగ్, ఏ ఫర్ యాపిల్ అంటూ చివరిదాకా ఒక్కో అక్షరమే చెప్పిందట. అక్షరాలు విడివిడిగా అంటే పేరు అన్నట్టు కాదని ఆంటీ లెక్క. నలభై ఏళ్ళ కాపురంలో తన పేరు భార్య గొంతులో ఎలా ఉంటుందో అంకుల్‌కి తెలీదు. ఇది గుర్తుపెట్టుకోండి.

ఇంకొకావిడని కూడా చెప్పాలి. డెయిరీ పక్కింటి ఇసబెల్. రిటైరైన టీచరు, నిండైన మనిషి. రోజూ పాలకీ పేపరుకీ వచ్చి, వెళ్ళేటప్పుడు అంకుల్‌కి "గుడ్ నైట్, మిస్టర్ డెయిరీ" అని చెబుతుంది.

ఇసబెల్ పోయినేడంతా ఒకే పని మీద ఉంది. వాళ్ళ ముత్తవ్వ పేరు వెతకడం. ముత్తాత హెక్టర్ మెక్‌బెయిన్ గొర్రెల కాపరి. ఆయన పేరు అన్ని చోట్లా దొరికింది. ఆవిడ పేరు ఎక్కడా లేదు. ఓడ కాయితాల్లో "భార్య". ఇక్కడి చర్చి పుస్తకంలో "మిసెస్ మెక్‌బెయిన్". అంతే.

జులైలో వాళ్ళ వంశంవాళ్ళంతా ఆ కొండ మీద కలుసుకుని కొత్త రాతి పలక పెట్టబోతున్నారు. చెక్కేవాడికి పేర్లిచ్చే గడువు దగ్గరపడింది. దొరక్కపోతే పలక మీద కూడా "హెక్టర్ మెక్‌బెయిన్, ఆయన భార్య" అనే పడుతుంది. ఆ మాటంటేనే ఇసబెల్‌కి కళ్ళలో నీళ్ళు. "ఇంతమంది పిల్లల్ని కని, అంత సముద్రం దాటి వచ్చిందే. ఒక పేరైనా ఉండొద్దా సుశీలా?" అనేది.

ఆంటీ రోజూ సాయంత్రం ఇసబెల్ ఇంటికి వెళ్ళి కంప్యూటర్ ముందు కూర్చునేది. స్కాట్లండ్‌లో వాళ్ళ పల్లె చర్చి పుస్తకాలన్నీ అందులో కనిపిస్తాయి. చివరికి తేలిందేమిటంటే, ఆ పల్లెలో హెక్టర్ మెక్‌బెయిన్‌లు ముగ్గురు! పెద్దకొడుక్కి తాత పేరు పెట్టడం వాళ్ళ ఆనవాయితీ. ఒకే తాతకి ముగ్గురు కొడుకులు, ముగ్గురి ఇళ్ళలోనూ హెక్టర్లే. ఇసబెల్ తల పట్టుకుంటే ఆంటీ పకపకా నవ్వింది.

"మా అత్తగారింట్ల గిట్లనే. ముగ్గురు కొమురయ్యలు. పెద్ద కొమురయ్య, బక్క కొమురయ్య, చెర్వుకాడి కొమురయ్య. వాళ్ళూ గొర్లకాపర్లే. గీ ముగ్గురి పెండ్లాలు ఎవరో చూడు, పట్టుకుందాం."

పెళ్ళాల పేర్లూ దొరికాయి. కిర్‌స్టీ, ఆనీ, మోరాగ్. కానీ ఓడెక్కిన హెక్టర్ ఎవరి మొగుడో ఏ పుస్తకంలోనూ లేదు. ఇక చెప్పగలిగింది కొండ మీద ఆయన సమాధి రాయి ఒక్కటే. దానిలో కింది సగం మట్టిలోకి దిగబడిపోయింది. పై సగం అరిగిపోయింది.

అంకుల్‌కి ఇదంతా గిట్టేది కాదు. "పీనుగుల పేర్లు మనకెందుకే? కొండ గిండ అన్నవంటే చూడు" అని ఒకటే గొణుగుడు. ఆంటీ తలూపేది. తలూపడమే... ఒప్పుకున్నట్టు కాదు.

ఇక అంకుల్ నాకు చెప్పింది వినండి.

జూన్ నెల. ఇక్కడ నడి చలికాలం. సాయంత్రం టీ తాగి కప్పు కడిగేలోపే చీకటి పడిపోతుంది. కార్న్‌బ్రే అవతల మూతపడిన కొట్టు నుంచి అంకుల్ ఒక పాత ఫ్రిజ్ కొని వ్యాన్‌లో వేసుకుని ఒంటరిగా వస్తున్నాడు.

వెనక ఫ్రిజ్ తలుపు కొట్టుకుంటోంది.

ఠక్... ఠక్...

అద్దంలో చూశాడు. ఏమీ లేదు. రేడియో పెంచాడు. మళ్ళీ... ఠక్.

"గా తలుపు ఊడిపోతదేమోనని ఆపినమ్మా. ఎక్కడాపిన్నో చూసుకోలే" అన్నాడు. అక్కడికొచ్చేసరికి ఆయన గొంతు తగ్గిపోయింది.

ఇంజిన్ ఆపేశాడు. ఒకటే గాలి. వ్యాన్ వెనక తలుపులు తీసి, తాడు పట్టుకుని వంగాడు. కంటి చివర ఏదో వెలుగు కనిపించింది.

కొండ మీద. నేలకి ఆనుకుని. చిన్న వెలుగు... పక్కకి పాకుతోంది.

తల తిప్పొద్దనుకుంటూనే తిప్పాడు. రాళ్ళ మధ్య ఒక మొహం లేచింది. తెల్లగా. కనుబొమల్లేవు. తెల్లటి చేతులు రెండూ పైకెత్తి గాల్లో ఊపుతోంది. దాని కాళ్ళ దగ్గర ఇంకేదో పెద్దది... నేల మీద మూలుగుతోంది.

అప్పుడు పిలిచింది.

"దామోదర్!"

అంకుల్ చేతిలో తాడు జారిపోయింది.

"అచ్చం మా ఇంటామె గొంతేనమ్మా. ఒక్క ముక్క తేడా లేదు. అందుకే నాకు అర్థమైపోయింది, అది మా ఇంటామె కాదని! మా ఆమె నా పేరు అంటదా? సచ్చినా అనదు. దయ్యం ఆమె గొంతైతే తెచ్చుకుంది గాని ఆమె పద్ధతి తెల్వక దొరికిపోయింది."

ఈ తెలివికి నేను నోరెళ్ళబెట్టాను.

వాళ్ళమ్మ సత్యమ్మ చిన్నప్పుడు చెప్పిందట, చీకట్లో ఎవరైనా పేరు పెట్టి పిలిస్తే మూడోసారి దాకా పలక్కూడదని. దయ్యాలకి మూడుసార్లు పిలిచే ఓపిక ఉండదట. అంకుల్ పళ్ళు బిగించుకుని నిలబడ్డాడు.

రెండో పిలుపు వచ్చింది.

ఈసారి కొండ మీంచి కాదు. పక్కనుంచి. చెవి దగ్గర. మెల్లగా... కొత్త పేరు నోట్లో వేసుకుని రుచి చూస్తున్నట్టుగా, చివరి అక్షరాన్ని నాలుక మీద దొర్లిస్తూ...

"దా... మో... దర్ర్ర్..."

మూడోదాని కోసం ఆగాడా? ఎక్కడాగుతాడు! వ్యాన్ ఎక్కి తొక్కిన తొక్కుడు మాస్టర్టన్‌లో దీపాలు కనపడేదాకా వదల్లేదు. అక్కడికొచ్చి చూసుకుంటే వెనక తలుపులు బార్లా తీసి ఉన్నాయి. ఫ్రిజ్ లేదు. దయ్యం లాగేసుకుందన్నాడు. దయ్యానికి ఫ్రిజ్ ఎందుకు అంకుల్ అంటే ఆయనకి కోపం వచ్చింది.

ఇంటికొస్తే భార్య లేదు. ఇల్లంతా లైట్లు వేసుకుని కూర్చున్నాడు. చాలాసేపటికి ఆంటీ వచ్చింది, తడి జుట్టుతో. ఇసబెల్ ఇంట్లో ఉన్నానంది. మొగుడి వాలకం చూసి ఏమీ అడక్కుండా ఉప్పూ మిరపకాయలూ తెచ్చి దిష్టి తీసింది.

ఆ తర్వాత డెయిరీకి ఎవరొచ్చినా పాలతో పాటు ఈ కథ. గుడిలో కథ. పుట్టినరోజు పార్టీలో కథ. కొండకి ఆ చెడ్డపేరు అలా వచ్చింది. ఆయన చెబుతున్నంతసేపూ ఆంటీ టీలు అందించేది.

జులైలో పలక పెట్టే రోజొచ్చింది. ఇసబెల్ మమ్మల్ని అందర్నీ పిలిచింది. అంకుల్ రానంటే రానన్నాడు. పట్టపగలు అంకుల్, పక్కన నేనుంటాగా అని వ్యాన్ ఎక్కించాను. కొండ ఎక్కుతూ ఆయన చేతిలోని హనుమంతుడి ఫొటో కిందకి దించలేదు.

పైన మెక్‌బెయిన్‌లు చాలామందే ఉన్నారు. ఇసబెల్ చేతికర్ర మీద ఆనుకుని ఉంది. పక్కన, గడ్డి మీద నిటారుగా... అంకుల్ ఫ్రిజ్.

అంకుల్ నా భుజం పట్టుకున్నాడు.

ఇసబెల్ నవ్వుతూ అందరికీ చెప్పింది. "అరిగిన రాయి పగటి ఎండలో చదవడానికి రాదు. చీకట్లో టార్చి పక్కవాటుగా వేస్తే అక్షరాలకి నీడ పడి పైకి తేలతాయి. అందుకే సుశీలని తీసుకుని సాయంత్రం వచ్చాను. కింది మట్టి తనే తవ్వింది. చివరి వరస ఎంతకీ తేలకపోతే, ఇంట్లోంచి తెచ్చిన బియ్యప్పిండి రాసింది. గాలికి ఆ పిండి సంచి తన మొహం మీదే బోర్లాపడింది. అప్పుడు వేలు పెట్టి ఒక్కో అక్షరం చదివింది. ఎం... ఓ... ఆర్... ఏ... జీ. 'మోరాగ్!' అని గట్టిగా అరిచింది. ఆ సంతోషంలో నేను లేచి, గుంటలో కాలు మడతపడి కూలబడ్డాను. ఫోన్ పలకదు. కారు నడిపేది నేనొక్కదాన్నే. చలికి బిగుసుకుపోతున్నాను. అప్పుడు రోడ్డు మీద ఎవరో ఈ ఫ్రిజ్ పడేసి పోయారు. పక్క ఫామ్ ఆయన దానికోసం బండి ఆపబట్టి మా కేకలు విన్నాడు. సొంతదారు దొరుకుతాడేమోనని ఇవాళ ఇక్కడికి తెచ్చిపెట్టాడు. ఆ మహానుభావుడెవరో గానీ నన్ను కాపాడాడు."

అందరూ చప్పట్లు కొట్టారు. అంకుల్ ఒక్కడే కొట్టలేదు. మెల్లగా భార్య వైపు తిరిగాడు.

"నువ్వా?"

ఆంటీ కొంగు సర్దుకుంది. సిగ్గుతో మొహం ఎర్రబడింది. "మన బండి లైట్లల్ల ఒకటి గుడ్డిదాయె, ఆనవాలు పట్టిన. ఇగో, ఇగో అని మొత్తుకుంటే గాలికి నీకు ఇనపడకపాయె. నువ్వేమో పోయేటట్టున్నవు. ఈమె సచ్చిపోతదేమోనని భయమైంది. ఇగ... ఏం జేయాలె? నీ పేరు అన్న."

"ఇంటికొచ్చినంక చెప్పొద్దా?"

"పేరు పెట్టి పిలిచిన అని ఎట్ల చెప్పాలె? తలకాయ తీసేసినట్టయింది నాకు."

నాకు నవ్వాగలేదు. అంకుల్‌కి మాత్రం నవ్వు రాలేదు. ఆయన కళ్ళు చెమ్మగిల్లడం చూసి నేనూ ఆపుకున్నాను.

"దయ్యమని ఉరికినగాని... మంచిగనే పిలిచినవే" అన్నాడు. "ఇంకొక్కసారి పిలిస్తే పలుకుతుంటి గదా. రెండుసార్లు పిలిచి ఊకున్నవు."

ఆంటీ కనుబొమలు ముడిపడ్డాయి.

"రెండుసార్లా? ఒక్కసారే పిలిచిన. ఆ ఒక్కసారికే నాలుక ఎండుకపోయింది. రెండోసారి ఏడికెల్లి వస్తది?"

"మరి చెవికాడ? మెల్లగ?"

"నేను ఈ కొండ దిగితే గదా!"

నేను ఇసబెల్‌ని అడిగాను, మీరేమైనా పిలిచారా అని. ఆవిడ వింతగా చూసింది. "ఆయన పేరేమిటో నాకిప్పటికీ తెలీదే. నాకు మిస్టర్ డెయిరీ కదా?"

ముగ్గురం ఒకేసారి కొత్త పలక వైపు చూశాం. ఇసబెల్ పట్టుబట్టి వరస మార్పించింది. ముందు "మోరాగ్". దాని కింద "ఆమె భర్త హెక్టర్ మెక్‌బెయిన్".

ఎన్నో ఏళ్ళ తర్వాత ఆ కొండ మీద ఆవిడ పేరు మొదటిసారి పైకి పలికింది సుశీలమ్మ ఆంటీయే, అదీ ఆ సాయంత్రమే. ఆ తర్వాత కాసేపటికే అంకుల్ వ్యాన్ వచ్చి కింద ఆగింది. చివరి అక్షరాన్ని 'ర్ర్ర్' అని అలా దొర్లించేది స్కాట్లండ్‌వాళ్ళే. ఆంటీ గొంతు గాలిలో కొట్టుకుపోతుంటే ఇంకెవరైనా సాయం పట్టారేమో... నాకు తెలీదు. ఆంటీ ఒకసారి పిలిచానని ఒప్పుకోవడమే గొప్ప, రెండోది సిగ్గుతో దాచేసిందేమో కూడా తెలీదు. ఆంటీ మొహం చూస్తే మాత్రం అబద్ధం ఆడుతున్నట్టు లేదు.

ఫ్రిజ్ వ్యాన్‌లోకి ఎక్కించాం. అందరూ కొండ దిగుతున్నారు. అంకుల్ ఒక్కడే వెనక్కి వెళ్ళి, ఒరిగిన పాత రాయి ముందు నిలబడ్డాడు. హనుమంతుడి ఫొటో జేబులో పెట్టేసి, చుట్టూ ఎవరూ లేరనుకుని, చాలా మర్యాదగా అన్నాడు.

"ఆఁ... చెప్పమ్మా."