ఊరికే కుట్టే మాట

బడులు తెరిచే వారం వచ్చిందంటే చాలు, గజపతినగరంలో కుమారి బ్యాగుల షెడ్డు ముందు పొద్దున్నే జనం. దారినపోయేవాళ్ళు చూసి ఎంత వ్యాపారమో అనుకుంటారు. వచ్చినవాళ్ళలో కొత్తది కొనేవాళ్ళు ఒక్కరుంటే ఒట్టు! అందరి చేతుల్లోనూ చిరిగినవే.

ఆ అలవాటు చేసింది కుమారే. పెళ్ళయిన కొత్తలో ఒక్క మిషను మీద, గొడుగుల గుడ్డతో బడి సంచులు కుట్టేది. భర్త నరసింగరావు సైకిలు మీద సంతకు తీసుకెళ్ళేవాడు. పేరూ ఊరూ లేని సరుకు ఎవరు కొంటారు? మా లేబుల్ ఉంటే ఎన్నేళ్ళకి చిరిగినా ఊరికే కుట్టిస్తామని మాటిచ్చింది. ఆ మాట మీదే విజయనగరం దాకా బ్యాగులు అమ్ముడుపోయాయి. మిషను పక్కన మిషను చేరి షెడ్డు నిండింది. భర్త పోయి, మోకాళ్ళ నొప్పులతో తనూ పని మానేసి, కొడుకు నవీన్ చేతికి షెడ్డు వచ్చేసరికి ఆ మాటే గుదిబండయింది.

ఈ ఉదయం నవీన్ గేటు వేసేశాడు. అమ్మేసిన మిషన్లు పట్టుకుపోయే వ్యాను మధ్యాహ్నానికి వస్తుంది.

"ఏటిరా ఈ పని? మీ నాన్న ఉంటే గేటేసీవోడా?"

"నాన్నున్నా ఏసీవోడే. కొత్త బ్యాగులు ఎవులు కొంతన్నారు? నీ మాటే సంపీసిందమ్మా మనల్ని!"

కుమారికి ఒళ్ళు మండింది. గేటు తీసి, అందరికంటే ముందు నిలబడ్డ పక్కవీధి సుహాసిని చేతిలోని బ్యాగు లాక్కుని మిషను ముందు కూర్చుంది. దారం ఎక్కించి చూస్తే గుడ్డ తమది కాదు. పట్టీ తమది కాదు. లేబుల్ ఒక్కటే తమది, చేత్తో వంకరటింకరగా కుట్టి ఉంది.

"ఈ లేబులెక్కడిదే?"

సుహాసిని తల దించుకుంది. "మా పెద్దదాని పాత బ్యాగుది పిన్నీ. ఈ బ్యాగు ఫోన్లో సవగ్గా వొచ్చింది. లేబులుంటే మీరు కుడతారు కదాని... అందరూ అలాగే సేత్తన్నారు."

కుమారి కొడుకు వైపు తిరిగింది.

"నీకు తెలుసేటి?"

"తెలుసమ్మా."

"తెలిసే కుట్టించినావా?"

"నువ్విచ్చిన మాట కదా. నీకు సెప్పడానికి నోరు రాలేదు."

ఇన్నేళ్ళూ తన మాటను జనం నమ్మకమే నిలబెడుతోందనుకుంది కుమారి. నిలబెట్టింది నోరెత్తని ఈ కొడుకు. వాడినా ఇందాక అంత మాటంది!

కళ్ళు మసకబారుతున్నా ఆ చిరుగు కుట్టి సుహాసినికి ఇచ్చేసింది. లేచి కొడుకు భుజం మీద చెయ్యి వేసింది.

"మిషన్లు ఇచ్చీరా నాన్నా."

నవీన్ బావురుమన్నాడు. "ఒక్కటుంచుతానమ్మా, నీకోసం."

"వద్దురా. ఉంటే కుట్టీస్తాను."